పెదనాన్న మీద కసితో చదివాను, ఇప్పుడు ఆ కసే చదవనివ్వడం లేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నాకు 26 ఏళ్లు. డీఎస్సీలో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) పోస్టుకి చదువుతున్నాను. తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి చెట్ల పరిహారం, పాసు పుస్తకం పెదనాన్న పేరున ఉండటంతో ఆయన ఖాతాలోనే పడింది. మా వాటా రాలేదని నాన్న, ఇచ్చేశానని ఆయన. అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. రెండేళ్ల కిందట పెద్దమనుషుల ముందు ఆయన నాన్నతో "ఆ గుంట మొకానికి మేస్టరుద్యోగం వస్తాదేటి, ఆ డబ్బులెట్టి పెళ్లి సేసీరా" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసి టేబులు ఎదురుగా గోడకి అంటించాను. ఆరు నెలలు కసిగా చదివాను, జీకే, కరెంట్ అఫైర్స్ మార్కులు బాగా పెరిగాయి. ఇప్పుడు పుస్తకం తీస్తే ఆయనే కనిపిస్తున్నాడు. రోజుకి రెండు మూడు గంటలు మనసులో ఆయనతో వాదించడానికే పోతోంది. లెక్కల మెథడాలజీ (లెక్కలు ఎలా బోధించాలన్న సబ్జెక్టు) అస్సలు ఎక్కడం లేదు. చిన్నప్పుడు రథసప్తమికి నన్ను భుజాల మీద ఎక్కించుకుని అరసవల్లి తీసుకెళ్లింది కూడా ఆయనే. ఈ ద్వేషం వదిలేస్తే చదువు కూడా వదిలేస్తానేమోనని భయం. వచ్చే నెల ఆయన కూతురు, మా అప్ప (అక్క) పెళ్లి. వెళ్లాలా?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. ద్వేషం పోయినంత మాత్రాన చదువు పోదు. కాకపోతే చదువుకి ఇంకో ఆధారం చూసుకోకుండా ద్వేషాన్ని ఒక్కసారిగా పీకెయ్యాలని చూస్తే కొన్నాళ్లు చదువు పడకెయ్యడం ఖాయం. అందుకని పెదనాన్నని క్షమించమని ఈ జవాబులో ఎక్కడా చెప్పబోవడం లేదు. క్షమించినవాళ్లకే హాల్ టికెట్ ఇస్తామని ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు.

మీరు ద్వేషం అని ఒకే పేరు పెట్టినదాంట్లో మూడు సరుకులు కలిసిపోయి ఉన్నాయి. వాటికి తెలుగులో విడివిడిగా పేర్లున్నాయి: కసి, అలక, పగ. దెబ్బతిన్న అభిమానం పనిలోకి దిగితే అది కసి. "కసిగా చదివింది" అన్నది మన దగ్గర మెచ్చుకోలే, తిట్టు కాదు. అలక వేరు. అవతలి మనిషి వచ్చి బతిమాలాలని లోపల ఎక్కడో ఎదురుచూపు ఉన్న కోపం అది. సొంతవాళ్ల మీదే అలుగుతాం. ఆర్టీసీ కండక్టరు మీద ఎవరూ అలగరు. అవతలివాడికి నష్టం జరిగితే తప్ప తీరనిది పగ. ఈ మూడింటికీ వైద్యం వేరు. కసిని ఉంచుకోవచ్చు, దాని మొహం తిప్పితే చాలు. అలక ఏదో ఒక రోజు నోరు విప్పాలి. పగకి మాత్రం పని అప్పజెప్పకూడదు.

మీలో ఏది ఎంత ఉందో చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఈ రాత్రి పెదనాన్న మీ అరుగు మీద కూర్చుని "ఆ రోజు తప్పన్నానే" అన్నాడనుకోండి. కళ్లు మూసుకుని ఓ నిమిషం ఆ దృశ్యంలో ఉండండి. గొంతు పూడుకుపోతే అలక. "అయితే నాన్న డబ్బులియ్యి" అనిపిస్తే అది న్యాయం కోసం కోపం, అది మీ నాన్న తేల్చుకోవలసింది. "ఇప్పుడొచ్చావా, నీ కూతురి పెళ్లి చెడిపోవాలి" అనిపిస్తే పగ. రథసప్తమి సంగతి అడక్కుండానే రాశారు కనక మీలో అలకే ఎక్కువుందని మా అంచనా.

ప్రేమకి వ్యతిరేక పదం ద్వేషం అని బడిలో రాయించారు. మనసు ఆ పట్టిక చూసి నడవదు. ఒకే మనిషి మీద రెండూ ఒకేసారి ఉండటానికి స్విట్జర్లాండు మానసిక వైద్యుడు బ్లాయిలర్ 1910లోనే అంబివలెన్స్ అని పేరు పెట్టాడు. 2008లో లండన్‌లో సెమిర్ జెకి, జాన్ రొమాయా అనే ఇద్దరు పరిశోధకులు 17 మందికి తాము ద్వేషించే మనిషి ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ప్యుటామెన్, ఇన్సులా అనే చోట్ల కదలిక కనిపించింది. ప్రేమించే మనిషి ఫొటో చూపించిన పాత ప్రయోగంలో కూడా ఆ రెండు చోట్లా కదలిక వచ్చింది. తేడా ఇంకోచోట ఉంది. ప్రేమలో తప్పొప్పులు తూచే మెదడు ముందుభాగం చాలామేర నెమ్మదిస్తుంది, ద్వేషంలో అందులో కొంచెమే నెమ్మదిస్తుంది. 17 మంది స్కానులతో లోకం మొత్తాన్ని తేల్చెయ్యలేం. కానీ "ఆయన ఇలా అంటే నేను అలా అంటాను" అని మీరు సాయంత్రాలు వేసే ఎత్తులు ఎక్కణ్నుంచి వస్తున్నాయో దీంట్లో కొంత తెలుస్తుంది.

మన పెద్దలకి ఇది కొత్త సంగతేం కాదు. ఏడు జన్మలు భక్తులుగా పుడతారా, మూడు జన్మలు శత్రువులుగా పుడతారా అంటే జయవిజయులు మూడే కోరుకున్నారని చెప్పే కథ మీరూ వినే ఉంటారు. వైరంలో ధ్యాస చెదరదు, విష్ణువుని త్వరగా చేరిపోవచ్చు అని. నిజమే. కాకపోతే మూడో జన్మలో శిశుపాలుడిగా పుట్టినవాడు చేరేసరికి తల మొండెం మీద లేదు.

ఇక కసి ఆరు నెలలు పనిచేసి ఎందుకు ఆగిపోయిందో చూడండి. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం మీ సైకాలజీ పుస్తకంలో ఉండే ఉంటుంది. పని తేలికైతే షాక్ గట్టిగా ఉన్నకొద్దీ ఎలుక త్వరగా నేర్చుకుంది. పని కష్టమైతే గట్టి షాక్ చెడగొట్టింది, ఓ మోస్తరుదే పనికొచ్చింది. తారీఖులు, పథకాల పేర్లు, రాజధానులు తేలిక పని. ఒళ్లు మండుతూ కూడా వాటిని బట్టీ పట్టొచ్చు, మీ మార్కులు పెరిగింది వాటిలోనే. లెక్కల మెథడాలజీ అలా కాదు. ఒక ఆలోచనని చేతిలో పట్టుకుని దాని పక్కన ఇంకోదాన్ని పెట్టి చూడాలి. కోపంలో ఉన్న మనసుకి రెండు చేతులూ ఖాళీగా ఉండవు. కాబట్టి మీరు బద్ధకస్తులైపోయారనో, మొద్దుబారిపోయారనో అనుకోవద్దు. సిలబస్ మారింది, ఇంధనం మారలేదు, అంతే.

ఇంకో మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. లెక్క ముడిపడగానే పెదనాన్న గుర్తొస్తాడు. ఆయనతో వాదన మొదలెడితే గుండె వేగం పెరుగుతుంది, ఏదో గట్టిగా చేస్తున్నట్టు ఉంటుంది. గంట తర్వాత చూస్తే పేజీ తిరగలేదు గానీ అలసట మాత్రం చదివినంతా ఉంటుంది. అంటే ఆయన మిమ్మల్ని చదవనివ్వడం లేదన్నది సగమే నిజం. కష్టమైన పేజీ దగ్గర్నుంచి తప్పుకోవడానికి ఆయన మీకు దారి అయ్యాడు. దీన్ని నమ్మక్కర్లేదు, కొలిచి చూసుకోండి. నాలుగు రోజులపాటు ఆయన గుర్తొచ్చిన ప్రతిసారీ నోట్సు మార్జిన్‌లో ఒక గీత, పక్కన టైము, ఆ క్షణాన చేతిలో ఉన్న పని రెండు మాటల్లో రాయండి. నాలుగో రోజు రాత్రి లెక్కపెట్టండి. గీతలు జీకే దగ్గర ఎన్ని, లెక్కల దగ్గర ఎన్ని? నాన్న దగ్గు వినిపించినప్పుడు ఎన్ని? చుట్టాల వాట్సాప్ స్టేటస్‌లు చూశాక ఎన్ని? ఆ గ్రూపుని మ్యూట్ చెయ్యడానికి మాత్రం నాలుగు రోజులు ఆగక్కర్లేదు.

గోడ మీది కాగితం తియ్యండి. చింపకండి, కాల్చకండి, అలా చేస్తే అదో వ్రతంలా తయారై రోజూ గుర్తుంటుంది. కవర్లో పెట్టి ట్రంకుపెట్టె అడుగున వెయ్యండి. ఆ ఖాళీలో ఇంకో మంచి మాట అంటించొద్దు. రేపు పొద్దున్న తెరవాల్సిన పుస్తకం, పేజీ నంబరు, చెయ్యాల్సిన మూడు లెక్కల నంబర్లు చీటీ మీద రాసి పెట్టండి, రోజూ రాత్రి మార్చండి. ఇవాళ ఏం చెయ్యాలో ద్వేషం ఎప్పుడూ చెప్పదు, ఎవరికి చూపించాలో మాత్రమే చెబుతుంది. ఆ లోటు ఈ చీటీ తీరుస్తుంది.

"ఇక ఆయన గురించి ఆలోచించను" అని ఒట్టు పెట్టుకోవద్దు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని 1987లో డేనియల్ వెగ్నర్ విద్యార్థులకి చెబితే, ఐదు నిమిషాల్లో అదే వాళ్లకి పదేపదే గుర్తొచ్చింది. దానికి బదులు "ఇలా అయితే ఇలా చేస్తాను" అని ముందే కట్టుకున్న ఒక్క వాక్యం పనిచేస్తుంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త దీని మీద చాలా పనిచేశాడు. మీకు సరిపడేలా అయితే: "పెదనాన్న మాట గుర్తొస్తే మార్జిన్‌లో గీత గీసి, అదే లెక్కని మొదటి లైను నుంచి పైకి వినపడేలా చదువుతాను." పైకి చదవడం ముఖ్యం. నోరు ఒక వాక్యం చదువుతూ ఉంటే లోపల వాదన సాగించడం కష్టం. మొదటి వారం రోజుకి ముప్పైసార్లు గియ్యాల్సి వచ్చినా కంగారుపడకండి.

దిండుని గుద్దితే మనసు తేలికవుతుందని ఎవరైనా చెబితే వినొద్దు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ఓ ఆరొందల మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, తమకి కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచీని గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది, ఊరికే కూర్చున్నవాళ్లకి తక్కువ. గుద్దడం బదులు రాయండి, కానీ పద్ధతిగా. జేమ్స్ పెన్నెబేకర్ 1986 నుంచి పరీక్షించిన పద్ధతి ఇది: వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, ఎవరికీ చూపించనక్కర్లేకుండా, అక్షరదోషాలు చూసుకోకుండా. మీ విషయంలో మొదటి రోజు ఆ పంచాయతీ జరిగిన తీరు రాయండి: ఎవరెక్కడ కూర్చున్నారు, నాన్న ఏం చేశాడు, మీ చేతిలో ఏముంది. రెండో రోజు అరసవల్లి. ఆయనలో మీకు పోయినదేమిటి. మూడో రోజు అదే పంచాయతీని మీ పేరు పెట్టి, ఎవరో అమ్మాయి కథలా "ఆమె" అంటూ రాయండి. నాలుగో రోజు ఇందులో మీ చేతిలో ఉన్నదేది, లేనిదేది.

సాయంత్రం పూట రాయండి, పడుకోబోయే ముందు వద్దు. రాసిన గంటా రెండు గంటలు మనసు బరువుగా ఉంటుంది, అది మామూలే. చెడిపోయేది ఎక్కడంటే, నాలుగు రోజులూ ఒకటే తిట్ల దండకం అయిపోయినప్పుడు. మొదటి రోజు కాగితాన్నీ నాలుగో రోజు కాగితాన్నీ పక్కపక్కన పెట్టండి. "ఎందుకంటే", "అందువల్ల", "ఇప్పుడు తెలుస్తోంది" లాంటి మాటలు నాలుగోదాంట్లో పెరిగితే రాత పనిచేస్తున్నట్టు. మేలు జరిగినవాళ్ల రాతల్లో ఇలాంటి మాటలు రోజురోజుకీ పెరుగుతాయని పెన్నెబేకర్ గమనించాడు. పెరగకపోతే ఆపేసి నడకకి వెళ్లండి, ఇంకో నాలుగు రోజులు పొడిగించొద్దు.

ఇప్పుడు అసలు పని, చదువుకి రెండో ఆధారం. "ఉద్యోగం కొట్టి ఆర్డరు కాగితం ఆయన మొహాన పారేస్తాను" అన్నది మీ మనసులో ఉన్న బొమ్మ అయితే, జరగబోయేది ఇంకోలా ఉంటుంది. ఉద్దానం పెదనాన్నల్ని బట్టి చూస్తే, మీకు ఉద్యోగం వచ్చిన మర్నాడు ఆయన టీకొట్టు దగ్గర "మా గుంట గదా, నాను ముందే సెప్పీసినాను" అంటాడు. అప్పుడు మీ కసి ఏ గోడకి తల కొట్టుకోవాలి? ఇది వెటకారం కాదు. 2008లో కెవిన్ కార్ల్‌స్మిత్ బృందం ఒక డబ్బు ఆట ఆడించి, మోసగాడికి శిక్ష వేసే అవకాశం కొందరికి ఇచ్చింది, కొందరికి ఇవ్వలేదు. శిక్ష వేసినవాళ్లే తర్వాత ఎక్కువ చికాకుగా ఉన్నారు, మోసగాణ్ణి ఎక్కువసేపు తలుచుకున్నారు.

వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున, మీ వీధిలో రెండో తరగతో మూడో తరగతో చదివే ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పండి. ఫీజు తీసుకోకండి, తీసుకుంటే అదో ట్యూషన్ అయిపోతుంది, హోంవర్కులు చేయించమంటారు. ఇద్దరికి మించొద్దు. ఒక్క అంశమే పట్టుకోండి: అప్పు తెచ్చుకునే తీసివేత. ఒక గుంటడు 52లోంచి 27 తీసి 35 అని రాస్తాడు. తప్పని కొట్టేస్తే అక్కడితో అయిపోతుంది. ఆగి చూడండి. ఒకట్లలో 2లోంచి 7 పోదు కనక వాడు 7లోంచి 2 తీశాడు, 5. పదుల్లో 5లోంచి 2 పోతే 3. వాడికి తీసివేత రాక కాదు. "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి" అని ఎవరో చెప్పిన సూత్రాన్ని తుచ తప్పకుండా పాటించాడు. కొబ్బరి ఈనెపుల్లలు పదేసి కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు వాడి ముందు పెట్టి "ఏడు విడి పుల్లలూ రెండు కట్టలూ ఇయ్యి" అనండి. కాసేపు చూస్తాడు, తల గోక్కుంటాడు, తర్వాత తనే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. 25.

మీకు ఎక్కడం లేదన్న మెథడాలజీలో సగం ఈ విప్పిన కట్టలో ఉంది. పిల్లవాడి తప్పులో వాడి తర్కాన్ని వెతకడమే ఆ సబ్జెక్టు. ఇంకోటి కూడా జరుగుతుంది. డెసీ, రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాలపాటు చేసిన పని ప్రకారం అంతర్గత ప్రేరణ, అంటే లోపల్నుంచి పుట్టే ఉత్సాహం, నిలబడాలంటే మూడు కావాలి: ఇది నేను ఎంచుకున్నదే అన్న భావం, నాకు చేతనవుతోందన్న నమ్మకం, మనుషులతో బంధం. గోడ మీది కాగితం ఈ మూడింట్లో ఒక్కటీ ఇవ్వలేదు. ఆ కట్ట విప్పిన గుంటడు మూడూ ఇస్తాడు. రెండు మూడు వారాలకి కసి తగ్గినట్టు అనిపిస్తే చదువు మీద శ్రద్ధ తగ్గిందేమోనని బెదిరిపోకండి. మంట కనిపించనంత మాత్రాన నిప్పు ఆరిపోయినట్టు కాదు, మన పొయ్యిల్లో వంట అయ్యేది ఎక్కువ కణకణలాడే బొగ్గుల మీదే.

పెళ్లి సంగతి. వెళ్లండి. పెళ్లి మీ అప్పది. అయితే ఎంత దగ్గరగా వెళ్లాలన్నది ముందే లెక్క వేసుకోవాలి. మీరు చదివిన ఉపగమ-పరిహార సంఘర్షణ ఇదే: ఒకే గమ్యం లాగుతుంది, అదే తోస్తుంది. దీన్ని చెప్పిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ పేరు మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దానికి నీల్ మిల్లర్ అనే ఇంకో మనస్తత్వవేత్త చేర్చిన సంగతి మీకు ఇప్పుడు అక్కరకొస్తుంది. గమ్యానికి దగ్గరవుతున్నకొద్దీ లాగడమూ పెరుగుతుంది, తోయడమూ పెరుగుతుంది, కానీ తోయడం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే ఇంట్లో కూర్చుంటే అరసవల్లి గుర్తొస్తుంది, ఎదురుపడితే ఒళ్లు మండుతుంది. మీ ప్రేమ దొంగదీ కాదు, కోపం దొంగదీ కాదు, దూరం మారుతోంది. కాబట్టి మధ్య దూరంలో ఆగండి. పెళ్లి రోజు కాకుండా ముందురోజు పెళ్లికూతుర్ని చేసే వేళకి వెళ్లండి, ఆడవాళ్ల మధ్య పని చేతిలో పెట్టుకోండి, పూలు కట్టడమో తాంబూలాలు సర్దడమో. ఆయన ఎదురైతే "పెదనాన్నా, బాగున్నావా" అన్న రెండు మాటలు, అంతే. చిన్నప్పటి "నువ్వు" వదలొద్దు. కొత్తగా "మీరు" అంటే అది మర్యాదలా కాదు, తలుపు వేసినట్టు వినపడుతుంది.

అలక నోరు విప్పేది ఆ ఇంట్లో కాదు. పెళ్లి సందడి అయి పది రోజులు పోయాక, పొద్దుటిపూట, తోటలోనో దారిలోనో ఆయన ఒక్కడూ ఉన్నప్పుడు. నాన్న పక్కన ఉండకూడదు, సాయంత్రం మందు వేళ అసలే కూడదు. చెప్పాల్సింది మూడే ముక్కలు: "ఆ రోజు నువ్వన్న మాట నాకింకా పోలేదు పెదనాన్నా. ఇంకెవరన్నా అని ఉంటే పట్టించుకునేదాన్ని కాదు. చదువుతున్నాను." అని వచ్చెయ్యండి. జవాబు కోసం నిలబడితే ఆయన పరిహారం లెక్క ఎత్తుతాడు, మీరు నాన్న వకీలు అయిపోతారు, చెప్పిన మాట గాలికి పోతుంది. మీరు తియ్యకూడని ఒకే ఒక్క మాట పరిహారం. అది అన్నదమ్ములిద్దరూ బ్యాంకు స్టేట్‌మెంటు, 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు ముందు పెట్టుకుని పెద్దమనుషుల దగ్గర తేల్చుకోవలసింది. వాళ్ల తగువుని మీ గుండెలో మోస్తే వాళ్లకి రూపాయి కూడా కలిసిరాదు.

ఉత్తరంలో రాయనిది ఇంకేదైనా ఉంటే, అంటే ఆయన చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, తప్పుగా ప్రవర్తించడం లాంటివి జరిగి ఉంటే, పైన చెప్పిన పెళ్లి, తోట మాటలు మీకు వర్తించవు. అప్పుడు ఆ ద్వేషం మీకు కాపలా. దాన్ని తగ్గించుకునే ప్రయత్నమే వద్దు, అమ్మకి చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. రెండు వారాలపాటు నిద్ర పట్టకపోయినా, మిమ్మల్ని మీరు గాయపరుచుకోవాలనో ఆయన్ని ఏదైనా చెయ్యాలనో ఆలోచన వచ్చినా 14416 టెలిమానస్‌కి చెయ్యండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మూడు వారాల తర్వాత మళ్లీ రాయండి. మార్జిన్ గీతలు మొదటి రోజు ఎన్ని, ఇరవయ్యో రోజు ఎన్ని, లెక్కల దగ్గర ఎన్ని అన్నది ముందు రాయండి. ఆ గుంటడు కట్ట విప్పే ముందు ఎంతసేపు ఆలోచించాడో, ఏమన్నాడో అది కూడా.